ఉక్కు స్తంభమూ సిమెంటు రెక్కా

అచ్చంపేటలో ఇప్పుడు లేస్తున్న ఇళ్లలో చాలావాటికి లోపలి గూడు ఒక్కటే: పిల్లర్లు, బీములు, స్లాబు. ప్లాస్టరింగు అయ్యాక అదంతా మరుగున పడుతుంది. వీధికి కనబడేది ఎలివేషన్ ఒక్కటే. ఇంటిని నిలబెట్టేదే ఇంటికి అందం కావాలని వాస్తుశిల్పులు పంతం పట్టిన కాలం ఒకటుంది. ఆ పంతంతో పుట్టిన రెండు కట్టడాలను మన ఎండలో నిలబెట్టి చూడాలి.

ఒకటి అమెరికాలోని ఇల్లినాయిలో, ఫాక్స్ నది ఒడ్డున, మీస్ వాన్ డెర్ రో 1951లో పూర్తిచేసిన ఫార్న్స్‌వర్త్ ఇల్లు. రెండోది పాండిచ్చేరి అరవిందాశ్రమంలోని గోల్కొండ్ వసతిగృహం. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పనలో, జార్జ్ నకషిమా పర్యవేక్షణలో 1937లో దాని పని మొదలైంది. నిజాం దివాను అక్బర్ హైదరీ పూనికతో హైదరాబాద్ సొమ్ము అందింది కాబట్టే దానికి ఆ పేరు.

ఫార్న్స్‌వర్త్ ఇంటికి ఆధారం ఎనిమిది ఉక్కు స్తంభాలు. నేలా కప్పూ వాటి మధ్య గాలిలో తేలుతున్నట్టుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే స్తంభానికీ దూలానికీ మధ్య బోల్టు లేదు, అతుకు జాడ లేదు. వెల్డింగు మచ్చల్ని అరగదీసి, పైన తెల్లరంగు వేశారు. నాకు పేచీ ఇక్కడే. నిర్మాణాన్ని చూపిస్తున్నానన్న ఇల్లు, దాన్ని కట్టిన చేతుల పనిని తుడిచేసింది. చుట్టూ అద్దమే, గాలికి ఒక చివర తలుపు, మరో చివర రెండు చిన్న కిటికీలు. వేసవిలో ఉక్కపోతే. చూపులకు దానంత శుభ్రమైన ఇల్లు అరుదని ఒప్పుకుంటూనే, ఇందులో కాపురమెలాగని అడగాల్సి వస్తుంది.

గోల్కొండ్‌లో కాంక్రీటు కాంక్రీటుగానే కనబడుతుంది. కిటికీ అద్దాలుండాల్సిన చోట, గోడ పొడుగునా అడ్డంగా తిరిగే ఆస్బెస్టాస్ సిమెంటు రెక్కలు. ఎండ పొద్దును బట్టి తిప్పుకుంటే గాలి వస్తుంది, లోపలి మనిషి బయటికి కనబడడు. గదులకు జారే టేకు తలుపులు. స్లాబు మీద విడిగా వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యలో గాలి ఆడే ఖాళీ. ఎండను ఆపాల్సిన అవసరమే దాని ముఖానికి ఆ గీతలు గీసింది. ఎలివేషన్ వేరుగా అతికించాల్సిన పని లేకపోయింది. ఆస్బెస్టాస్ ఇవాళ వాడదగ్గది కాదు, సూత్రం మాత్రం వాడదగ్గదే.

గోల్కొండ్ లేస్తున్న ఆ రోజుల్లోనే, 1940లో, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అచ్చంపేట దగ్గరి అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉన్నాడు. ఆయన వర్ణించిన ఇళ్లకు గుండ్రటి తడిక గోడ, పైన కోసుగా గడ్డి కప్పు. అల్లిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బయటికే తెలిసే ఇళ్లవి. ఆ గుడిసెల్లోని లేమిని అందమని నేననను. కానీ కట్టుబడిని దాచని గుణంలో గోల్కొండ్‌కు అవే దగ్గరి చుట్టాలు, ఫార్న్స్‌వర్త్ కాదు.

నా ఓటు గోల్కొండ్‌కే. ఏప్రిల్ రాత్రి కూడా సెగ కక్కే స్లాబు కింద పడుకునేవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. మీరు అచ్చంపేటలో ఇల్లు మొదలుపెట్టేవాళ్లయితే, మేస్త్రీకి ఎలివేషన్ బొమ్మ చూపించే ముందు, స్లాబు పైన ఇంకో కప్పు ఎలా వేస్తావో, రెంటి మధ్య గాలికి ఎంత జాగా వదులుతావో అడగండి.