గోపాలమిత్ర చేతిపని

పద్మనాభం చుట్టుపక్కల, గోస్తని నీరు అందని మెట్ట ఊళ్లలో పంట పోయిన ఏడు ఇంటిని ఆదుకునేది పాడే. ఆ పాడి నిలవడంలో గోపాలమిత్ర పాత్ర ఎంతో చెప్పుకోం. బండికి నత్రజని క్యాన్ కట్టుకుని వచ్చి పశువుకు చూలు కట్టే "సూది" వేసి వెళ్తాడంతే అనుకుంటాం. ఆ పనితనం దగ్గరుండి చూడాల్సిందే.

"ఏ పూట అరిచిందమ్మా?" పని ఈ ప్రశ్నతో మొదలవుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం వెయ్యాలి, సాయంత్రమైతే మర్నాడు పొద్దున. ఎండాకాలం గేదెలది మూగ ఎద. తీగలు వేసిందా, పాలు తగ్గాయా అని ఇంటామెనే అడగాలి.

క్యాన్‌లో చలి మైనస్ 196 డిగ్రీలు. బుట్టను క్యాన్ మెడ దాటనివ్వకుండా, పావు మిల్లీలీటరు వీర్యం పట్టే ఒక్క స్ట్రాను పటకారుతో లాగి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచుతాడు. తడి లేకుండా తుడుస్తాడు. లోపలికి నీటిబొట్టు చేరితే వీర్యకణాలు చస్తాయి. ఇక స్ట్రా ఎక్కించిన గన్ కుడిచేతిలో ఉన్నా, అసలు నేర్పు పేడదారిలోంచి లోపలికెళ్లిన ఎడమచేతిది. గర్భాశయ కంఠాన్ని పట్టి, మడత తర్వాత మడత గన్ మీదికి ఎక్కిస్తుంది, గాజులాయన ముంజేతికి గాజు ఎక్కించినట్టు. చివరి మడత దాటగానే ఆగి, మెల్లగా వదులుతాడు. తొందరపడి పొడిస్తే లోపల గాయమే.

ఇంతకన్నా నాకు గొప్పగా తోచేది ఆబోతు ఎంపిక. విశాఖలోనే ఘనీకృత వీర్య కేంద్రం ఉంది, రకాలకు లోటు లేదు. నాటు ఆవుకు జెర్సీ వేస్తే పెయ్యలో సగం జెర్సీ. దానికి మళ్లీ శుద్ధ జెర్సీ వేస్తే ముప్పాతిక. పాలు పెరగొచ్చు గానీ ఎండకు రొప్పుతుంది, పచ్చిమేత ఎక్కువ కావాలి, ఎద తప్పుతుంది. మెట్ట రైతుకు అది తలకు మించిన భారం. అందుకే తెలిసినవాడు సంకర ఆబోతు స్ట్రా తీసి, సగం దగ్గరే నిలుపుతాడు. స్ట్రా మీది ఆబోతు నంబరు పుస్తకంలో రాస్తాడు, తండ్రి వీర్యమే కూతురికి పడకుండా. మన ఒంగోలు జాతిని నెలోర్ పేరుతో తమ దేశమంతా విస్తరించిన బ్రెజిల్‌వాళ్లు వంశావళి ఇలాగే రాసుకున్నారు.

ఇరవై ఒక్క రోజులకు ఎద మళ్లీ వచ్చిందేమో కనుక్కుంటాడు. రాకపోతే మూడో నెలలో వచ్చి చూలు చూస్తాడు. వస్తే, మళ్లీ "ఏ పూట అరిచిందమ్మా?" దగ్గర్నుంచే.