తేదీల కుప్ప సూచిక కాదు

ఏళ్ల తరబడి పత్రికలకు రాసినవాళ్ల ఇంట్లో కత్తిరింపుల కట్ట ఉంటుంది. కొందరు దాన్ని తేదీల వరుసలో పేర్చి, పని అయిపోయిందనుకుంటారు. కానీ తేదీ గుర్తుండేది రాసినవాడికే. చదివేవాడు "సార్, బాసర మీద ఏదో రాసిన్రు గదా, అదెక్కడున్నది?" అని వస్తాడు. అతడి చేతికి ఆ వ్యాసం అందించే విద్యే సూచిక కట్టడం.

తాటాకుల నాడే కట్ట పైన గ్రంథం పేరు రాసిపెట్టేవారట. అచ్చు వచ్చాక పద్యాల పుస్తకాల చివర అకారాది సూచిక చేరింది. వేమన పద్యాలకు కథ లేదు, వరుస లేదు. మొదటి మాట గుర్తున్నవాడికి ఆ సూచికే దిక్కు.

ఈ విద్యలో నాకు ఆరాధ్యుడు సురవరం ప్రతాపరెడ్డి. నిజాం ఇలాకాలో తెలుగు కవులే లేరన్నవాళ్లకు ఆయన 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చాడు. 354 మంది కవులు! ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, ఎవరు ఎక్కడివారో చెప్పి, ఒక్కచోట కూర్చాడు. వంద ఉపన్యాసాలు చేయలేని పని ఆ కూర్పు చేసింది. కోస్తావాళ్లదైనా మెచ్చుకోక తప్పనిది వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం పాత పత్రికలను కంటికి రెప్పలా కాచింది. పరిశోధకులు ఆ ఊరికి దారి వెతుక్కుంటూ పోయేది అందుకే.

ఇక పనితనం సంగతి. మంచి సూచికకు మూడు దారులుంటాయి: విషయం, పేరు, కాలం. కాలం చివరిది. శీర్షిక కింద ఒక్క వాక్యంలో సారం ఉండాలి. ఎందుకంటే "ఒక జ్ఞాపకం" అన్న శీర్షిక చూసి అందులో ఏముందో బ్రహ్మ కూడా చెప్పలేడు. మొదటిసారి వచ్చినవాడి కోసం, రచయితే ఏరిన కొన్ని మేలైన వ్యాసాలు పైన కనిపించాలి. అన్నీ సమానమే అనేవాడు ఏరే బాధ్యత తప్పించుకున్నట్టే.

అసలు నేర్పు "చూడు" అనే చిన్న మాటలో ఉంది. మా భైంసానే తీసుకోండి. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లా, ఆ తర్వాత నిర్మల్ జిల్లా. కొందరు "బైంసా" అని రాస్తారు. పాత వ్యాసం ఆదిలాబాద్ కింద, కొత్తది నిర్మల్ కింద పడితే ఊరు రెండు ముక్కలైనట్టే. "బైంసా: భైంసా చూడు", "ఆదిలాబాద్: నిర్మల్ కూడా చూడు" అని రాసేవాడే ఒడుపు తెలిసినవాడు.

పేర్లది ఇంకో తిరకాసు. మన ఉమ్మడి ఆదిలాబాద్ గర్వం సామల సదాశివ సార్‌నే చూడండి. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ తెలిసిన మనిషి. "స్వరలయలు" పుస్తకానికి 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. హిందుస్తానీ సంగీతం మీద ఆయనలా తెలుగులో రాసినవారు నాకు కనబడరు. అలాంటి రాతలకు సూచిక కట్టాలంటే గాయకుడు బడే గులాం అలీ ఖాన్‌ను "బ" కింద పెట్టాలా, "గ" కింద పెట్టాలా? తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందొస్తుంది. ఉర్దూ, మరాఠీ పేర్లకు ఆ కొలత పనికిరాదు. రెండుచోట్లా పెట్టి, ఒకచోట "చూడు" అనాలి. రాగాలకు, ఘరానాలనే సంగీత సంప్రదాయాలకు వేరే పట్టికలుండాలి. సంగీతం తెలియనివాడు ఈ పని చేయలేడు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. "2014 జనవరి, 3" అని నెల పేరూ వ్యాసాల లెక్కా మాత్రమే చూపించి, దాన్నే భాండాగారం అంటున్నారు! పుస్తకాలను స్కాన్ చేసి, పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో వంకరటింకరగా రాసి గోదాముల్లో పడేశారు. ఉండీ దొరకని పుస్తకం లేనిదానితో సమానం. వెతికే యంత్రం ఉంది కదా అంటారు. ఏ మాట వెతకాలో తెలియనివాడికి ఆ యంత్రం ఏం చెబుతుంది?

అందుకే కాలేజీల తెలుగు అధ్యాపకులకు నా మనవి. పిల్లలకు మళ్లీ మళ్లీ అవే సమీక్షలు ఇవ్వకండి. తలా ఒక రచయితను, ఒక పాత పత్రికను అప్పగించి సూచిక కట్టించండి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మొదలుపెడితే సదాశివ సార్ వ్యాసాలతో మొదలుపెట్టండి. రచయితలకూ ఒక మాట: మీ రాతలు ఎక్కడెక్కడున్నాయో మీరుండగానే రాసిపెట్టండి. మీ తర్వాత ఆ కట్ట విప్పేవాడికి బాసర వ్యాసం ఏ ఏడాదిదో చెప్పేవారుండరు.