బండిని తిన్న బెల్లం

మా పికప్‌కి పదిహేనేళ్లు దాటాయి. ఇంజను చప్పుడు విని బండి వయసు చెప్పేస్తామనేవాళ్లు ఒకసారి దాని కింద పడుకుని చూడాలి. మొన్న నేను పడుకున్నాను. వెనక బాడీ రేకులోంచి ఆకాశం కనిపించింది.

నర్సీపట్నంలో టింకరింగు షెడ్డుకి తీసుకెళ్తే, మేస్త్రి స్క్రూడ్రైవరు పిడితో రేకుని కొబ్బరికాయలా తట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంది, పుచ్చిన చోట బొదబొదలాడింది. "ఇది వాన తుప్పు కాదు బాబూ, బెల్లం తినేసింది" అన్నాడు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

నిజమే. సీజనులో ఈ బండి అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు మోస్తుంది. బెల్లం గాలిలో చెమ్మ లాక్కుని కారుతుంది. ఆ పాకం అతుకుల్లోకి, బోల్టుల కిందికి దిగి పులిసి రేకుని కొరుకుతుంది. పైపైన బకెట్టు నీళ్లు కొడితే పోయేది కాదు. దానికి తోడు లంబసింగి మంచు: తెల్లవారుజామున చింతపల్లి నుంచి దిగే బండి వాన లేకుండానే తడిసి వస్తుంది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బి ముందుకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. పెయింటు బుడగలా లేచేది అందుకే. ఆ బుడగ మన కంట పడేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది.

బెల్లం మీదే నెపం వేస్తే అన్యాయం. 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ కావాలి కదా, ఆ ముందు వారం పుట్టీ పెట్టించి రంగేయించేవాణ్ణి. గ్రైండరు తగలగానే ఆ పొరలన్నీ ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. "నాలుగు ఫిట్‌నెస్‌లు" అని మేస్త్రి లెక్కపెట్టి మరీ చెప్పాడు.

పుచ్చిన రేకుని మంచి ఇనుము తగిలేదాకా కోసేశాడు. కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ఎవరూ చూడని లోపలి వైపు ముందు రెడాక్సైడ్ పూశాడు. కోయడానికి వీల్లేని ఛాసిస్ మూలల్లో ఊడే తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, రస్ట్ కన్వర్టర్ రాశాడు. ఎర్ర తుప్పు కళ్లముందే నల్లబడింది.

ఆ నలుపు నేను ఎరిగినదే. డబ్బాలోది టానిన్ మందు. కరక్కాయలో ఉండేదీ టానినే. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో అచ్చు వేస్తారు లేదా గీస్తారు, అది నల్లగా తేలుతుంది. మా రేకుని తిన్న బెల్లం అక్కడ రంగు పుట్టిస్తోంది! ఆ కరక్కాయలేమో మన్యంలోనే ఏరతారు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అవీ ఉన్నాయి. రోగమూ మందూ ఒకే ఘాట్ రోడ్డు దిగుతున్నాయన్నమాట.

మందు రాసి వదిలేస్తే చాలదు, పైన ప్రైమరూ పెయింటూ పడాలి. అన్నింటికన్నా చవకైన పని చివర్లో చూపించాడు: బాడీ అడుగున నీళ్లు పోయే కన్నాలు మట్టితో పూడిపోయి ఉన్నాయి. సైకిలు చువ్వతో పొడిస్తే మూడు నిమిషాల్లో తెరుచుకున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ పొడవలేదు నేను.

ఇప్పుడు బెల్లం దింపిన రోజు వేడినీళ్లతో కడగమంటే, "బండికి తలంటా బాబూ?" అని మా డ్రైవరు నవ్వుతున్నాడు. చువ్వ మాత్రం సీటు కింద పెట్టుకున్నాడు.