తలతిప్పును పట్టుకునే చెయ్యి

నౌపడ ఉప్పు మళ్ళలో ఎండ నెత్తిమీదే కాదు, కింద తెల్లటి ఉప్పు మీంచి కూడా కొడుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళు "బుర్ర తిరుగుతోంది" అంటే ముందు ఎండంటారు, తర్వాత పైత్యమంటారు. అందరూ లోపల అనుకుని పైకి అననిది కిడ్నీ. పక్కనే ఉద్దానం మరి. కారణం తేలని కిడ్నీ జబ్బుకు ఊళ్ళకు ఊళ్ళు నలిగిపోయిన నేల. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చింది కూడా ఆ జబ్బు కోసమే.

మా వదినకు నెలల తరబడి తలతిప్పు, తలనొప్పి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుంది, స్కానింగు బాగుంది. ఏమీ లేదన్నారు. ఆ మాటతో భయం తగ్గింది గాని తిప్పు తగ్గలేదు. "ఏమీ లేకపోతే నానెందుకు తూలిపోతన్నాను?" అని ఆవిడ అడిగితే ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ఒక డాక్టరుగారు ఆవిణ్ణి పరీక్షించిన తీరు పక్కనే ఉండి చూశాను. అంత నేర్పైన పనిని నేను అరుదుగా చూశాను.

"తిరగడమంటే ఎలాగమ్మా?" అని అడిగారు. వదిన ఒకసారి గది తిరుగుతోందంది, ఇంకోసారి కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంది. ఆయన విసుక్కోలేదు, మాట మార్చిందని పట్టుకోలేదు. ఎప్పుడొస్తోంది, ఎంతసేపుంటోంది, ఏం చేస్తుంటే వస్తోంది అని అడిగారు. ఈ మూడింటికీ జవాబు మారలేదు. మంచం మీద కుడిపక్కకి ఒత్తిగిల్లితే, నిమిషంలోపు.

తర్వాత బీపీ. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్ళీ. లేచినప్పుడు పై అంకె 20 పడిపోతే తిప్పుకు కారణం అదే కావచ్చు. చెమటోడ్చే ఉప్పు కూలీలకు ఇది తప్పక చూడాలి. వదినకు పడలేదు.

అప్పుడు బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, రెండు చేతులా పట్టుకుని చప్పున వెనక్కి వాల్చారు. తల బల్ల అంచు దాటి కాస్త కిందికి వేలాడింది. "కళ్ళు మూయకమ్మా." రెండు మూడు సెకన్లు ఏమీ కాలేదు. తొందరపడేవాళ్ళు అక్కడే వదిలేస్తారు. ఆయన ఆగారు. కనుగుడ్లు సుడితిరుగుతూ పైకి కొట్టుకోవడం మొదలైంది, కాసేపటికి సద్దుమణిగింది. లోచెవిలో ఉండే సున్నపు స్ఫటికాలు, ఉప్పురవ్వకన్నా ఎంతో చిన్నవి, చోటు తప్పి అర్ధవలయ నాళంలోకి జారాయన్నమాట. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ చూపిన పద్ధతిలో తలను మెల్లగా ఒక్కో భంగిమకు తిప్పుతూ, ప్రతిచోటా ఆగుతూ, వాటిని వెనక్కి పంపారు. మందు లేదు, యంత్రం లేదు.

తల వెనక్కి వాల్చి కళ్ళు చూసే ఈ పరీక్షను 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. డిక్స్ శస్త్రవైద్యురాలు కావలసిన మనిషి. యుద్ధంలో బాంబుదాడికి ముఖం, కళ్ళు దెబ్బతిని ఆ దారి మూసుకుపోయింది. అలాంటి ఆవిడ రోగి కంటి కదలికను చదవడం వైద్యలోకానికి నేర్పిందంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక తలనొప్పి. స్ఫటికాలు జారితే తలనొప్పి రాదు, అది వేరే సంగతని ఆయనే చెప్పారు. తలతిప్పుతో వచ్చే మైగ్రేన్ కావచ్చు. దానికి 2012లో అంతర్జాతీయంగా కొలమానాలు ఏర్పడ్డాయి. అయినా ఆ పేరు అప్పుడే రాసేయలేదు. "ఇంకా తేలలేదమ్మా, నొప్పి వచ్చినరోజల్లా రాసుకురా" అన్నారు. సగం తేలింది, సగం తేలలేదని చెప్పగలగడం కూడా ఆ పనితనంలో భాగమే. వదిన ఇప్పుడు పిల్లల పాత నోట్సులో రాస్తోంది: తేదీ, గంట, నిద్ర, తిండి, వేసుకున్న మాత్ర.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్ళుంటే ఆ పుస్తకం ఇవాళే మొదలుపెట్టించండి. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు మింగించకండి: నెలలో సగం రోజులు వాడితే వాటివల్లే తలనొప్పి పెరుగుతుంది, వాటిలో చాలా రకాలు కిడ్నీకి చేటు. తిప్పుతోపాటు మాట ముద్దగా వచ్చినా, కాలో చెయ్యో పట్టు తప్పినా మాత్రం ఏ పుస్తకమూ వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.