శ్వాసలో భైరవుడు, అరచేతిలో లింగం: అద్వైత శైవ సాధన

శివుడు, జీవుడు, జగత్తు వేర్వేరు వస్తువులు కావు, ఒకే చైతన్యం మూడు తీరులుగా భాసిస్తోంది అని చెప్పే దర్శనం అద్వైత శైవం. దీనికి రెండు పెద్ద పాయలున్నాయి. 9వ శతాబ్దం నుంచి కాశ్మీరంలో వర్ధిల్లిన త్రిక, స్పంద, ప్రత్యభిజ్ఞా సంప్రదాయాలు ఒకటి. 12వ శతాబ్దంలో దక్కనులో ఉప్పొంగిన వీరశైవం రెండోది. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి రెండో పాయ బాగా పరిచయం. మొదటిది పండితుల మాటగానే మిగిలింది. అయితే ఆ సంప్రదాయం పరమతత్త్వానికి పెట్టుకున్న భైరవుడనే పేరు ఇక్కడి పల్లెజనం నోట నిత్యం వినిపించేదే.

మంజీర నది బీదరు సీమను చుట్టి వచ్చి, ఎల్లారెడ్డికి చేరువలో నిజాంసాగర్ జలాశయంలో కలుస్తుంది. వీరశైవాన్ని ముందుకు నడిపించిన బసవేశ్వరుడు రాజు బిజ్జలుడి కొలువులో మంత్రిగా పనిచేసిన కళ్యాణం ఆ బీదరు జిల్లాలోదే, నేటి బసవకళ్యాణ్. కన్నడ, మరాఠీ, తెలుగు మాటలు కలిసి వినిపించే జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు లింగధారణ చేసే కుటుంబాలు ఎక్కువగా కనిపించడానికి ఈ ఇరుగుపొరుగుతనమే కారణం. ఇటు తూర్పున భిక్కనూరు సిద్ధరామేశ్వరాలయాన్ని భక్తులు దక్షిణ కాశి అంటారు. దోమకొండ కోటలో మహాదేవుడి గుడి ఉంది. రామారెడ్డి దగ్గర ఇసన్నపల్లిలో కాలభైరవుడు కొలువై ఉన్నాడు. కార్తీక బహుళ అష్టమికి అక్కడ పెద్ద ఉత్సవం. పీడలు తొలగిస్తాడని, క్షేత్రాన్ని కాపాడతాడని జనం భైరవుణ్ణి మొక్కుకుంటారు. ఆ ఆరాధనకూ కాశ్మీర శాస్త్రానికీ ముడిపెట్టడం తొందరపాటు. కానీ ఒకే పేరు గుడిలో మొక్కుబడి దైవంగా, శాస్త్రంలో పరమ చైతన్యంగా నిలవడం గమనించదగిన సంగతి.

కాశ్మీర పాయకు ఆది వసుగుప్తుడికి దక్కిన శివసూత్రాలు. సోమానందుడు శివదృష్టి రాశాడు. ఆయన శిష్యుడు ఉత్పలదేవుడు ఈశ్వరప్రత్యభిజ్ఞా కారికలతో తర్కబలం చేకూర్చాడు. 10, 11 శతాబ్దాల సంధిలో అభినవగుప్తుడు తంత్రాలోకంలో సిద్ధాంతాన్నీ సాధననూ ఒక్కచోట కూర్చాడు. ఆయన శిష్యుడు క్షేమరాజు ఈ విషయమంతటినీ 20 సూత్రాలకు కుదించి ప్రత్యభిజ్ఞాహృదయం రచించాడు. తర్కం జోలికి పోలేనివాళ్ల కోసమే ఆ చిన్న గ్రంథం. కొత్తగా చదవబోయేవారికి ఇప్పటికీ అంతకన్నా మంచి ప్రవేశద్వారం లేదు.

ఈ దర్శనానికీ శాంకరాద్వైతానికీ తేడా తెలిస్తేనే సాధన అర్థమవుతుంది. శాంకరాద్వైతంలో బ్రహ్మం ఒక్కటే సత్యం, అది నిష్క్రియం. జగత్తు దానిపై తోచే వివర్తం. శైవులు ఇక్కడే విడిపోతారు. వాళ్ల దృష్టిలో శివుడు ప్రకాశమే కాదు, విమర్శ కూడా. అంటే వెలుగుతూ ఉండడంతోపాటు తాను వెలుగుతున్నానని ఎరిగి ఉండడం. ఆ ఎరుకే శక్తి. శివశక్తులకు ఎడబాటు లేదు. అద్దంలో నగరం కనిపించినట్టు చైతన్యంలో లోకం కనిపిస్తుందని అభినవగుప్తుడు అంటాడు. అయితే ఇక్కడ ప్రతిబింబం పడడానికి బయట వేరే నగరమేదీ లేదు. కనుక లోకం అబద్ధం కాదు, శివుడి స్వాతంత్ర్య విలాసం. సృష్టి, స్థితి, సంహారం, తిరోధానం, అనుగ్రహం అనే పంచకృత్యాలు కైలాసంలోనే కాదు, ప్రతి మనిషి తలపులోనూ నడుస్తున్నాయి. ఒక ఆలోచన పుడుతుంది, నిలుస్తుంది, మాయమవుతుంది. అది తననుంచే పుట్టిందన్న సంగతి మరుగున పడుతుంది, ఒక్కోసారి మళ్లీ తెలిసివస్తుంది. బంధమంటే ఆ మరపు. ఆణవ, మాయీయ, కార్మ మలాలు మూడూ ఆ మరపు పొరలే. మోక్షం కొత్తగా సంపాదించుకునే వస్తువు కాదు, ఉన్నదాన్ని గుర్తుపట్టడం.

గుర్తుపట్టే మార్గాలను ఉపాయాలంటారు. శ్వాస, మంత్రం, శరీరం ఆధారంగా సాగేది ఆణవోపాయం. ఒక శుద్ధ భావననే పదునుపెట్టుకుంటూ పోయేది శాక్తోపాయం. ఆలోచన తలెత్తకముందే ఉండే ఎరుకలో నిలిచేది శాంభవోపాయం. గురువు మాట ఒక్కటి చాలిన వారికి అసలు ఉపాయమే అక్కర్లేదు, దాన్ని అనుపాయమన్నారు. అభ్యాసానికి సంబంధించి అన్నిటికన్నా ఆసక్తికరమైన గ్రంథం విజ్ఞానభైరవం. భైరవి అడగగా భైరవుడు 112 ధారణలు చెబుతాడు. మొదటిది శ్వాస మీద. లోపలికి తీసుకున్న ఊపిరి హృదయం దగ్గర మలుపు తిరుగుతుంది. బయటికి పోయినది ముక్కుకు 12 వేళ్ల వెడల్పు దూరాన, ద్వాదశాంతంలో మలుపు తిరుగుతుంది. ఆ రెండు మలుపుల దగ్గరా క్షణకాలం శ్వాస లేదు, ఆలోచనా లేదు. సాధకుడు ఊపిరిని బిగబట్టడు, ఆ సందును గమనిస్తాడంతే. తక్కిన ధారణల్లో మరింత మామూలు సంగతులున్నాయి: చాలాకాలానికి చుట్టం ఎదురైనప్పటి సంతోషం, తిండి రుచి, పాట, తుమ్ము రాబోయే క్షణం, భయం, ఆకలి మొదలైన పూట. ఇవన్నీ చైతన్యం తెరుచుకునే వాకిళ్లు. ఏ అనుభవాన్నీ అపవిత్రమని నెట్టేయని ఈ తెగువ ఆ గ్రంథానికి ప్రాణం.

వీరశైవం ఇదే ఏకత్వాన్ని చేతికందే వస్తువుతో నేర్పింది. ఈ సిద్ధాంతానికి శక్తివిశిష్టాద్వైతమని పేరు. శక్తితో కూడిన శివుడే లింగం, జీవుడు అంగం, ఆ రెండూ సమరసం కావడమే గమ్యం. దీక్షలో గురువు ఇచ్చిన ఇష్టలింగాన్ని లింగకాయ అనే చిన్న భరిణెలో ఉంచి ఒంటి మీద జీవితాంతం ధరిస్తారు. పూజకు గుడి అక్కర్లేదు, పూజారీ అక్కర్లేదు. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, లింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచుకుంటారు. నీళ్లతో కడిగి విభూతి, పూలు, మారేడు పత్రి సమర్పిస్తారు. తరువాత అరచేతిని కళ్ల ఎత్తుకు తెచ్చి చూపు నిలుపుతారు. లింగంపై నల్లని నిగనిగలాడే పూత ఉంటుంది. దీపం వెలుగు దాని మీద చుక్కలా మెరుస్తుంది. పంచాక్షరి జపిస్తూ ఆ చుక్కను చూస్తూ ఉంటే చెదిరే మనసు ఒక్కచోటికి వస్తుంది. కళ్లు మూసినా ఆ వెలుగు లోపల నిలుస్తుంది. అక్కడ ఇష్టలింగం ప్రాణలింగమవుతుంది. తలపులే అణగిన స్థితిలో అదే భావలింగం. భక్తుడు, మహేశుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అనే షట్‌స్థలాలు ఈ ప్రయాణంలో మెట్లు.

కాశ్మీర శాస్త్రం ఎంతగా విప్పి చెప్పినా అందుకోవడానికి చదువు కావాలి. వీరశైవ భక్తులైన శరణులు అదే ఏకత్వాన్ని కష్టజీవుల దగ్గరికి తెచ్చారు. చేసే వృత్తినే కాయకమని పూజ స్థాయికి ఎత్తారు, సంపాదించిన దానిలో పంచుకోవడాన్ని దాసోహమన్నారు. స్త్రీలకూ దీక్ష ఇచ్చారు. పురుడు, చావు, నెలసరి మైలలు లింగధారికి లేవన్నారు. ఈ దర్శనం సాధించిన వాటిలో ఇది అన్నిటికన్నా పెద్దది. ఒకే శివుడు అందరిలో ఉన్నాడన్న మాటను భోజనం బంతిదాకా తీసుకువెళ్లిన సంప్రదాయాలు మన దేశంలో ఎన్నో లేవు. తరువాతి శతాబ్దాల్లో ఆ సమాజంలోకీ కులభేదాలు మళ్లీ చొరబడ్డాయన్నదీ నిజమే.

తెలుగునాట ఈ పాయకు ఇద్దరు దిక్కు. శివతత్త్వసారం రచించిన మల్లికార్జున పండితారాధ్యుడు వైదికాచారాన్ని వదలకుండానే శివభక్తిని నిలిపాడు. ఆయన బాటలోని ఆరాధ్యులు జందెమూ లింగమూ రెండూ ధరిస్తారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని దేశి ఛందస్సైన ద్విపదలో, జానుతెనుగులో రాసి శరణుల కథలను తెలుగు నోళ్లకు ఎక్కించాడు. వీరశైవ పంచపీఠాల్లో ఒకటైన శ్రీశైలం తెలుగు నేల మీదిదే.

తెలుగు శైవమంతా అద్వైతమనుకుంటే పొరపాటు. కాకతీయ గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శంభువు గోళకీ మఠానికి చెందినవాడు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆ మఠానికి దక్కిన దానాలను వివరంగా చెబుతుంది. ఆ మఠం అనుసరించిన సిద్ధాంతశైవంలో జీవుడు శివుడితో సమానుడవుతాడే గాని శివుడే కాడు. వీరశైవంలోనూ సామరస్యం పూర్ణ అభేదమా, భేదాభేదమా అన్న చర్చ ఉంది. శ్రీకరభాష్యం రాసిన శ్రీపతి పండితుడు భేదాభేదం వైపు నిలిచాడు. పండితుల మధ్య ఈ వాదం ఎలా ఉన్నా, దీక్ష పొందిన ఇంట్లో సాధన క్రమం మారదు: ఉదయం లింగపూజ, తినే ముందు అన్నాన్ని లింగానికి చూపి ప్రసాదంగా స్వీకరించడం, ఆ తరువాత రోజు పని.