అలారానికి ముందే రాసిన కాగితం

అపోలో యాత్రలను హ్యూస్టన్ నుంచి నడిపించిన కుర్రాళ్ల సమయస్ఫూర్తిని ఆకాశానికెత్తే వ్యాసం ఈ వారం మరొకటి కంటబడింది. వాళ్లను పొగడాల్సిందే, కానీ అందుకు చూపిన కారణం సరికాదు. గండం గట్టెక్కించేది అప్పటికప్పుడు తట్టిన ఉపాయం కంటే ముందే పడిన చాకిరీ అన్నది ఈ కాలమ్ పాత పాటే. 1969 జులై 20న అపోలో 11 ల్యాండర్ ఈగిల్ చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటర్ 1202 అలారం చూపింది. దిగాలా, వెనక్కి రావాలా తేల్చాల్సిన గైడెన్స్ ఆఫీసర్ స్టీవ్ బేల్స్‌కు 26 ఏళ్లు. అదేపనిగా రాకుంటే ఫర్వాలేదని వెనకగది నుంచి భరోసా ఇచ్చిన జాక్ గార్మన్‌కు 24. ఏ అలారానికి ఏం చేయాలో చేత్తో రాసుకున్న కాగితం గార్మన్ దగ్గర సిద్ధంగా ఉంది. అది ఊరికే పుట్టలేదు. కొద్ది రోజుల ముందు సిమ్యులేషన్‌లో అలాంటి అలారమే వస్తే బేల్స్ ల్యాండింగ్ రద్దు చేయించారు. అక్కర్లేని రద్దు అని శిక్షకుడు రిచర్డ్ కూస్ మొహమాటపడకుండా చెప్పారు. ప్రతి అలారాన్నీ పరిశీలించి జాబితా రాయాలని ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ పట్టుబట్టారు.

అలాంటి అలారమే రిహార్సల్‌లో ముందే రావడం అదృష్టం కాదా అనొచ్చు. కొంత నిజమే. కానీ అన్నీ సవ్యంగా సాగుతుంటే ఏదో ఒకటి కావాలని చెడగొట్టడమే కూస్ బృందం ఉద్యోగం; అలాంటి అదృష్టానికి రోజూ తలుపు తీసి ఉంచారు. అంతకంటే గట్టి అభ్యంతరం అపోలో 12. ఆ ఏడాది నవంబర్ 14న రాకెట్ లేచిన నిమిషంలోపే రెండుసార్లు పిడుగు తాకింది. తెరల మీద అంకెలన్నీ అర్థంపర్థం లేకుండా పోయాయి. కంట్రోల్ రూమ్‌లోని జాన్ ఆరన్ ఒక్క మాట చెప్పారు: ఎస్‌సీఈ టు ఆక్స్. ఆ అంకెలను తిరిగి రప్పించే స్విచ్ మార్పది. క్రాంజ్ జాబితాల్లాంటివేవీ నేర్పిన మాట కాదది. ఏడాది కిందట కేప్ కెనడీలో ఒక పరీక్ష జరుగుతుండగా ఇలాంటి వింత అంకెలే కనిపిస్తే, ఎవరూ అడక్కపోయినా కారణం తవ్వి తీశారాయన. అంటే రిహార్సల్ ఒక్కటే చాలదు. తేడాగా కనిపించిన అంకెను వదలని మనిషి కుర్చీలో ఉండాలి. అలాంటివాణ్ని ఏ శిక్షణా పూర్తిగా తయారుచేయలేదు, ఎంచుకుని నిలుపుకోవాల్సిందే.

ఇక మన సంగతి. శ్రీహరికోటలో 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ తొలి టెస్ట్ వెహికల్ కౌంట్‌డౌన్ చివరి 5 సెకన్ల దగ్గర ఆగింది. కారణం పట్టుకుని ఆ ఉదయమే ఎగరేశారు. అదింకా మనుషుల్లేని ప్రయోగం. బేల్స్ పొరపాటు మనకు తెలిసిందంటే హ్యూస్టన్ వాళ్లు దాచుకోకుండా చెప్పుకోవడం వల్లే. గగన్‌యాన్‌లో మనవాళ్లు ఎగిరాక, రిహార్సళ్లలో ఎక్కడ తడబడ్డారో, ఎలా దిద్దుకున్నారో ఇస్రో కూడా అంతే వివరంగా బయటపెట్టాలి.