పొలుసుల మీది వంశావళి

2023 సెప్టెంబరు 6 రాత్రి బ్యాంకాక్ నుంచి బెంగళూరు కెంపెగౌడ విమానాశ్రయానికి వచ్చిన విమానంలోని సామానులో కొన్ని పెట్టెల కోసం ఎవరూ రాలేదు. కస్టమ్స్ అధికారులు వాటిని తెరిచి చూశారు. లోపల 72 పాములు, 6 కపుచిన్ కోతులు ఉన్నాయి. కోతులన్నీ అప్పటికే చచ్చిపోయాయి. పాముల్లో 17 రాచనాగులు, మిగిలిన 55 బాల్ పైథాన్లు. ఈ 55 పాములదీ ఒకటే జాతి అయినా రంగులు మాత్రం రకరకాలు. వీటినే పెంపకందారులు ‘మార్ఫ్‌లు’ అంటారు.

అడవిలో పుట్టిన పాముకు అంత రంగుల వైవిధ్యం ఉండదు. ఆ రంగుల వెనక కొందరు మనుషులు దశాబ్దాలపాటు రాసుకున్న జతల లెక్కలు, తూచిన బరువులు, ఎదురుచూసిన గుడ్లు ఉన్నాయి. ఆ పనితనం ఎలాంటిదో తెలిస్తే, ఆ రాత్రి పెట్టెల్లో కుక్కి తెచ్చినవాళ్లు ఏం పాడుచేశారో కూడా తెలుస్తుంది.

బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా పాము. ఘానా, టోగో, బెనిన్ దేశాల గడ్డిమైదానాల్లో ఎలుకల బొరియల్లో పడుకుంటుంది. మన కొండచిలువకు బంధువే గానీ చాలా చిన్నది. పెద్ద ఆడపాము కూడా సాధారణంగా అయిదడుగులు దాటదు. భయం వేస్తే కాటెయ్యడం కన్నా తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకోవడమే దీనికి అలవాటు. ఆ పేరు అందుకే వచ్చింది. విషం లేదు. సహజమైన రంగు నలుపు, గోధుమ, మధ్యలో తేనెరంగు మచ్చలు. మందకొడి స్వభావం, చిన్న ఒడలు, దీర్ఘాయువు ఉండటంతో ఇళ్లలో పెంచే పాముల్లో ప్రపంచమంతటా ఇది ముందు వరుసలో నిలిచింది. ఆయువు సంగతికొస్తే, అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో 60 ఏళ్లు దాటిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అది ఏళ్ల తరబడి మగపాము పొడ ఎరగదు.

రంగుల పాముల పెంపకం మాత్రం ఈ జాతితో మొదలు కాలేదు. 1953లో అమెరికాలోని నార్త్ కెరొలైనాలో నల్లరంగు లోపించిన ఒక ‘ఆల్బినో’ మగ కార్న్ స్నేక్ దొరికింది. చర్మవ్యాధుల వైద్యుడు బెర్నార్డ్ బెక్టెల్ ఆ వంశాన్ని పెంచి, ఆ రంగు తరం నుంచి తరానికి మెండెల్ చెప్పిన పద్ధతిలోనే వస్తుందని చూపించారు. 1961 నాటికి పెంపకంలోనే ఆల్బినో పిల్లలు పుట్టాయి. చర్మం రంగు ఎందుకు పోతుందన్నది వృత్తిరీత్యా తెలిసిన మనిషి ఆ పాము విలువను గుర్తుపట్టడంలో వింత లేదు. ఆ తర్వాత బాల్ పైథాన్ వంతు వచ్చింది. 1992లో పెంపకందారుడు బాబ్ క్లార్క్ దగ్గర తొలి ఆల్బినో పిల్లలు, 1997లో మరో పెంపకందారుడు పీట్ కాల్ దగ్గర తొలి పైబాల్డ్ పిల్లలు పుట్టాయి. పైబాల్డ్ అంటే ఒంట్లో సగం పాలతెలుపు, మిగతా సగం మామూలు మచ్చలు. ఒకప్పుడు వేల డాలర్లు పలికిన ఈ పాములు పెంపకం విస్తరించాక సామాన్యుల చేతికి కూడా అందాయి.

రంగు ఎలా మారుతుందన్నది ఈ విద్యకు పునాది. పాము చర్మంలో మూడు రకాల రంగుకణాలు పని చేస్తాయి. ఒకటి నలుపు, గోధుమ రంగుల్నిచ్చే మెలనిన్‌ది. రెండోది పసుపు, ఎరుపులది. మూడోదానిలో అసలు రంగే ఉండదు. సన్నని స్ఫటికాలు వెలుగును తిప్పికొట్టి మెరుపునిస్తాయి. వీటిలో మెలనిన్ ఒక్కటే ఆగిపోతే బాల్ పైథాన్ తెల్లబడదు. పసుపు మిగిలిపోయి, తెలుపు మీద పసుపు మచ్చలతో, ఎర్రటి కళ్లతో పుడుతుంది. మనవాళ్లు దేవతాంశ అని చేతులెత్తి మొక్కే శ్వేతనాగుల్లో కొన్నిటి వెనక ఉన్నది కూడా ఇలా మెలనిన్ లోపించడమే. అడవిలో అలాంటి పిల్లలు గద్దకూ ముంగిసకూ ఇట్టే కనిపించిపోతాయి. అందుకే పెరిగి పెద్దవయ్యేవి అరుదు. పెంపకంలో ఆ ముప్పు ఉండదు కాబట్టి ఆ రంగు నిలుస్తుంది.

గోదావరి జిల్లాల్లో పుంజు ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పేర్లు పెట్టి, ఏ జత నుంచి ఏ రంగు వస్తుందో తాతల నాటి నుంచి గుర్తుపెట్టుకునే పెంపకందారులున్నారు. పాముల పెంపకందారుడు చేసేది కూడా అలాంటి పనే. కాకపోతే పాము దగ్గర ఒక చిక్కుంది. కొన్ని గుణాలు ఒంటి మీద ఆనవాలు లేకుండా దాక్కుని ఉంటాయి.

ఆల్బినో పామును మామూలు పాముతో జత కట్టిస్తే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి. అయినా ప్రతిదానిలోనూ ఆల్బినో జీను ఒకటి దాగి ఉంటుంది. పెంపకందారుల భాషలో వీటిని ‘హెట్’ అంటారు. రెండు హెట్‌లను జత కట్టిస్తే ఒక్కో గుడ్డులో ఆల్బినో ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు ఆల్బినోను పైబాల్డ్‌తో కలపాలనుకుందాం. మొదటి తరం అంతా మామూలుగా కనిపించే రెండింతల హెట్‌లు. వాటిని మళ్లీ తమలో తాము జత కట్టిస్తే రెండు గుణాలూ కనబడే పిల్ల పుట్టే అవకాశం పదహారింట ఒకటి. బాల్ పైథాన్ ఒక విడతకు పెట్టేవి సుమారు ఆరు గుడ్లు. లెక్క కడితే ఆ ఆరింటిలో ఒక్కటి కూడా అలాంటిది కాకపోయే అవకాశం మూడింట రెండు వంతుల పైమాటే. ఆడపాము గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే మూడేళ్లు, సుమారు ఒకటిన్నర కిలోల బరువు కావాలి. అంటే మనసులో అనుకున్న పిల్ల కళ్ల ముందుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు. ఈ ఓపికే ఈ విద్యలో అన్నిటికన్నా విలువైన భాగం.

అన్ని గుణాలూ ఇలా దాక్కోవు. పాస్టెల్ జీను ఒక్కటి ఉన్నా పాము పసుపు తేరి కనిపిస్తుంది, రెండూ ఉంటే ఇంకా వెలుగుతుంది. మొహావే, లెసర్ అనే రెండు గుణాలైతే విడివిడిగా ఉన్నప్పుడు రంగును కొంచెమే మారుస్తాయి. రెండూ ఒకే పిల్లలో కలిస్తే మచ్చ లేని తెల్లటి ఒళ్లూ నీలి కళ్లూ వస్తాయి. పేర్ల జాబితా ఇప్పుడు వేలల్లోకి వెళ్లింది. అందులో నిజంగా కొత్త జీన్లు తక్కువ, ఉన్నవాటి కలయికలే ఎక్కువ.

గుడ్ల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి. జత కట్టాక ఆడపాము నడుం మధ్య ఒకటి రెండు రోజులు ఉబ్బుతుంది. ఆ తర్వాత కుబుసం విడుస్తుంది. కుబుసం విడిచిన సుమారు నెలకు గుడ్లు. అడవిలోనైతే తల్లి వాటి చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది. పెంపకంలో వాటిని తీసి, తడి పట్టి ఉంచే వర్మిక్యులైట్ మీద, 31, 32 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతారు. పెట్టినప్పుడు గుడ్డు ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటారు, తిరగేస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. వేడి మితిమీరితే వెన్ను వంకరతో పుడతాయి. సుమారు 55 నుంచి 60 రోజులకు పిల్ల తన పంటి మొనతో పెంకును చీల్చి ముట్టె బయట పెడుతుంది. ఒక్కోసారి రోజంతా అలాగే ఉంటుంది. బయటికి లాగకూడదు.

పెంపకందారులు ఇంత శ్రద్ధగా రాసుకున్న పుస్తకాలు శాస్త్రాన్ని సరిదిద్దిన సందర్భం ఒకటుంది. ఈ వ్యాసంలో పాఠకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగినది అదే. పాముల్లో ఆడమగలను జెడ్, డబ్ల్యు అనే క్రోమోజోములు నిర్ణయిస్తాయని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ‘బనానా’ అనే రంగు దగ్గర పెంపకందారుల లెక్కలు దానికి పొసగలేదు. బనానా జీను తండ్రి నుంచి వచ్చిన మగపాములకు పుట్టే బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే. తల్లి నుంచి వచ్చినవాటికి ఎక్కువగా ఆడవే. 2017లో జీవశాస్త్రవేత్త టోనీ గాంబుల్ బృందం బాల్ పైథాన్‌లోనూ బోవా అనే పాములోనూ మనుషుల్లో లాగే ఎక్స్, వై పద్ధతి ఉందని ప్రకటించింది. పెంపకందారుల అనుభవం దానికి బలమైన ఆధారాల్లో ఒకటి. 2022లో ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో హన్నా సైడెల్, ఆమె విద్యార్థులు పెంపకందారులు పంపిన కుబుసాల నుంచి డిఎన్‌ఏ తీసి, బాల్ పైథాన్ ఆల్బినోల్లో దెబ్బతిన్నది టైరోసినేజ్ జీను అని తేల్చారు. మనుషుల్లో ఒక రకం ఆల్బినిజానికి కారణమూ అదే జీను. 2023లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు పైబాల్డ్ గుణాన్ని టిఫెక్ అనే జీనుతో ముడిపెట్టారు. ఆల్బినో సంగతైతే పాముకు నొప్పి లేకుండా, దానంతట అది విడిచిన పొరతోనే తెలిసింది.

ఈ విద్యలో మెచ్చుకోలేనివీ ఉన్నాయి. 1999లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకే ఒక్క పాము నుంచి పెంపకందారుడు కెవిన్ మెకర్లీ ‘స్పైడర్’ మార్ఫ్‌ను స్థిరపరిచారు. సాలెగూడు లాంటి సన్నని గీతలతో చూడచక్కని పాము. కానీ ఆ జీనుతో పాటు తల ఊగడం, ఎరను గురి తప్పడం, ఒక్కోసారి వెల్లకిలా తిరగడం కూడా వచ్చాయి. లోపలి చెవిలో సమతుల్యాన్ని కాపాడే భాగాలు సరిగ్గా ఏర్పడకపోవడమే కారణమని 2022లో జర్మన్ పరిశోధకులు చూపించారు. ఇప్పుడు కొందరు పెంపకందారులు దాన్ని వదిలేశారు. వదలాలి కూడా. తిన్నగా తల నిలపలేని పామును అందం కోసం పుట్టించడం ఈ విద్యకు తగని పని.

అడవికి మేలు జరిగిందా అన్న ప్రశ్నకు జవాబు సగమే సంతోషకరం. పెంపకంలో పుట్టిన పిల్లలు దొరుకుతుంటే అడవి పాముల అవసరం తగ్గాలి. అయినా పశ్చిమ ఆఫ్రికా నుంచి ఎగుమతులు ఆగలేదు. బాల్ పైథాన్‌ను ఇప్పుడు అంతర్జాతీయ ఎర్రజాబితాలో ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా చేర్చారు. దేశాల మధ్య వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద దీని అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రం తప్పనిసరి.

మళ్లీ బెంగళూరు సంగతి. ఆ సెప్టెంబరుకు కొద్దిరోజుల ముందే, ఆగస్టులో, బ్యాంకాక్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో 234 జీవాలు దొరికాయి. పైథాన్లు, ఊసరవెల్లులు, ఇగ్వానాలు, తాబేళ్లు, మొసలి పిల్లలు, ఊపిరాడక చనిపోయిన ఒక కంగారూ పిల్ల. 2024 ఏప్రిల్‌లో ఒక ప్రయాణికుడి సామానులో పది పసుపు అనకొండలు పట్టుబడ్డాయి. ఇలా వచ్చిన పాము ఎవరి పిల్లో, ఏ జీన్లు మోస్తోందో, అడవిలో పట్టిందో పెంపకంలో పుట్టిందో చెప్పే కాగితం ఉండదు. వంశం తెలియని హెట్ పాముకు ఈ విద్యలో విలువే లేదు. మామూలు పాముకీ దానికీ కంటికి తేడా తెలియదు మరి. రోగం భయం కూడా ఉంది. బాల్ పైథాన్లలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే నీడోవైరస్ ఇరుకు పెట్టెల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి సోకుతుంది.

మన చట్టంలో ఈ విషయంలో రెండు దారులున్నాయి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి స్వదేశీ పాముల్ని పట్టడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అదృష్టం తెస్తుందని రెండు తలల పామును కొనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సైటిస్ జాబితాలోని విదేశీ జాతులకు 2022 సవరణ ఒక దారి చూపింది. 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నిబంధనల ప్రకారం అలాంటి జంతువు ఎవరి దగ్గరున్నా కేంద్రప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. దానికి పిల్లలు పుట్టినా, అది చచ్చినా, చేతులు మారినా తెలియజేయాలి. నిజమైన పెంపకందారుడికి ఇది భారం కాదు. అతను ఎప్పటి నుంచో తన పుస్తకంలో రాసుకుంటున్నవే ఇవి.

బెంగళూరులో గానీ హైదరాబాదులో గానీ రంగుపాము మీద మనసు పడ్డవారు ముందు కాగితం అడగండి. తల్లిదండ్రులెవరో, పుట్టిన తేదీ ఏదో, నమోదు సంఖ్య ఏమిటో చెప్పలేని మనిషి దగ్గర ఎంత చవకైనా కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే నమోదు చేయించండి. పెంచలేకపోతే చెరువు గట్టున వదిలెయ్యకండి. ఫ్లోరిడాలో అలా బయటపడ్డ బర్మీస్ పైథాన్లు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో స్థిరపడ్డాక, అక్కడ రకూన్లు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012 అధ్యయనం తేల్చింది. మీ ఊరి అటవీశాఖ కార్యాలయానికి ఫోన్ చేసి అప్పగించండి.